నడిమి బంతి ఎవరిది?

పికిల్‌బాల్‌లో హరీష్‌కి ఒకటే సూత్రం. ఎదుటివాళ్ల ఎడమ పక్కకి కొట్టు. అటు, అంటే బ్యాక్‌హ్యాండ్ పక్క, చెయ్యి సరిగ్గా తిరగదు కాబట్టి బంతి తిరిగి రాదు.

భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుల కాలనీ క్లబ్బుంది. దాని సెక్రటరీ భాస్కర్ బ్యాంకు ఉద్యోగి. హైదరాబాద్‌లో ఎక్కడో ఈ ఆట చూసి వచ్చి, పాత బ్యాడ్మింటన్ కోర్టు మీద పసుపు టేపు అంటించి, నెట్టు కిందికి దించి, చిల్లుల ప్లాస్టిక్ బంతులు తెప్పించాడు. కొత్తలో అందరూ నవ్వారు. నెలలోపే బ్యాటు లాంటి ప్యాడిల్ కోసం లైన్లో నిలబడ్డారు. పవర్ ప్లాంటులో జూనియర్ ఇంజనీరుగా చేస్తున్న హరీష్ కాలేజీ రోజుల్లో బ్యాడ్మింటన్ ఆడినవాడు. అందువల్ల ఆ క్లబ్బులో తనే మొనగాణ్ణని అనుకునేవాడు. ఆ సంగతి ఇంకెవరైనా అంటే వద్దనేవాడు కాదు.

ఆ ఆదివారం పొద్దున ప్రభుత్వ దవాఖాన నర్సులు ఇద్దరు ఆడటానికి వచ్చారు. ఒకామె రేణుక, భాస్కర్ చెల్లెలు. రెండో ఆమె పేరు సుమన.

"ఆడోళ్లు గదా, జర మెల్లగ కొట్టు," అన్నాడు భాస్కర్.

"నేను మెల్లగనే కొడుత. బంతే ఉరుకుతది," అన్నాడు హరీష్.

హరీష్ తన సూత్రం ప్రకారం సుమన ఎడమ పక్కకి కొట్టాడు. బంతి వచ్చిన దారినే, ఇంకా గట్టిగా తిరిగొచ్చింది. పొరపాటున తగిలిందనుకుని మళ్లీ అటే కొట్టాడు. మళ్లీ వచ్చింది. ఈసారి అతని కాళ్ల మధ్య నుంచి పోయింది. ఆట అయిపోయేసరికి నర్సులు పదకొండు, మొనగాళ్లు నాలుగు.

హరీష్ నెట్టు దగ్గరికి వచ్చి, పెద్దమనిషి తరహాలో అన్నాడు. "మీ బ్యాక్‌హ్యాండ్ మస్తుంది. ఎవరు నేర్పిన్రు?"

"నాకు బ్యాక్‌హ్యాండే రాదు," అంది సుమన.

"మరి అన్నీ అటే కొడితిని గదా. ఎట్ల తీసిన్రు?"

ఆమె ప్యాడిల్ పైకెత్తి చూపించింది. ఎడమ చేతిలో ఉంది.

"ఆటంతా నా మొఖమే చూసినట్టున్నరు. చెయ్యి దిక్కు చూడలే."

భాస్కర్ నవ్వీ నవ్వీ నేల మీద కూర్చున్నాడు. హరీష్‌కి చెవులు వేడెక్కాయి. మొఖం చూసిన మాట అబద్ధం అనడానికి కూడా లేదు.

*

సుమనది కొడకండ్ల పక్కన ఒక తండా. చిన్నప్పుడు జొన్న చేలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలను కొట్టేది. రాయి ఎడమ చేత్తో తిప్పి వదిలితే పోవాల్సిన చోటికే పోయేది. తల్లి రుక్కి తిట్టి తిట్టి తిండి మాత్రం కుడి చేతికి మార్పించింది. బళ్లో పంతులు రాత మార్పించాడు. మిగతా పనులన్నీ పుర్రచేతి మీదే ఉండిపోయాయి.

దవాఖానలో అది రోజూ ఒక తగాదా. తన తల్లి వీరమ్మను బీపీ చూపించడానికి తీసుకుపోయిన రోజు హరీష్ ఆ తగాదా కళ్లారా చూశాడు. ముందు వరసలో పెంటమ్మ అనే ముసలామె మందు గోలీ అందుకోకుండా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎడమ చేత్తో మందిస్తే పనిచేస్తదా బిడ్డా?"

సుమన విసుక్కోలేదు. గోలీని కుడి చేతిలోకి మార్చి మళ్లీ ఇచ్చింది. "ఇగ పనిచేస్తది అవ్వా, మింగు."

తర్వాత వీరమ్మ వంతు. సుమన ఎడమ చేత్తో పట్టీ బిగించి, బీపీ చూసి, ఉప్పు తగ్గించమని చెప్పింది.

"సరే సిస్టర్," అన్నాడు హరీష్ అలవాటు కొద్దీ. దవాఖానలో నర్సును అందరూ పిలిచేది అట్లనే. కానీ బయటికొచ్చి బైకు తీస్తుంటే ఆ మాట అతని చెవికే ఎందుకో నచ్చలేదు. మళ్లీ ఎప్పుడూ ఆమెను అట్లా పిలవలేదు.

*

డిసెంబరులో జనగామలో పోటీలు పెడుతున్నారని భాస్కర్ వార్త తెచ్చాడు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలకి కలిపి మిక్స్‌డ్ డబుల్స్. ఒక మగ, ఒక ఆడ.

"మీ ఇద్దరి పేర్లు ఇచ్చిన," అన్నాడు భాస్కర్. "కుడి చెయ్యి ఒకటి, ఎడమ చెయ్యి ఒకటి. గిసుంటి జోడీ ఇంకే క్లబ్బుల దొరుకది."

"జోడీ అనకు అన్నా, టీమ్ అను," అంది సుమన.

"ఏదైతేంది, ఆడున్రి."

హరీష్‌కి ఈ ఏర్పాటు చాలా నచ్చింది. నచ్చడానికి అతను చెప్పిన కారణం వేరు. సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీసి చూపించాడు.

"నాది కుడి చెయ్యి. నేను ఎడమ దిక్కు నిలబడితే నా ఫోర్‌హ్యాండ్, అంటే జోరుగ కొట్టే దిక్కు, నడిమికి వస్తది. మీది ఎడమ చెయ్యి. మీరు కుడి దిక్కు నిలబడితే మీది కూడ నడిమికే. ఇద్దరి బలం నడుమనే. వాళ్లు ఎప్పుడూ కొట్టేది నడిమికే గదా, ఇగ ఏడ కొడతరు?"

"తలుపుకు రెండు రెక్కలు ఉన్నట్టు," అంది సుమన.

"అగ్గో! గదే!"

"రెండు రెక్కలు ఒక్కపారే మూస్తే ఏళ్లు నలుగుతయ్ గదా?"

దానికి జవాబు కోర్టులో దొరికింది. భాస్కర్ నడిమికి బంతి వేశాడు. ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపారు. ప్యాడిల్ ప్యాడిల్‌కి తగిలి టక్కుమంది. సుమన ఎడమ చేతి చూపుడు వేలు వాచింది. నర్సు కాబట్టి తనే కట్టు కట్టుకోబోయింది. కుడి చేత్తో కట్టుకోవడం ఆమెకి రాలేదు. హరీష్ సాయం పట్టాడు. కట్టు వంకరగా వచ్చింది. ఆమె దాన్ని విప్పకుండా అట్లాగే ఉంచుకుంది. హరీష్ అది గమనించి, ఆ రోజంతా పనిలో మనసు పెట్టలేకపోయాడు.

మర్నాడు పక్కలు మార్చి చూశారు. అతను కుడి దిక్కు, ఆమె ఎడమ దిక్కు. ఇప్పుడు ఇద్దరి ఫోర్‌హ్యాండ్లు బయటి గీతల మీదికి పోయాయి. చేతులు గుద్దుకోలేదు కానీ నడుమ ఇద్దరిదీ బ్యాక్‌హ్యాండే. అక్కడ బండి పోయేంత సందు. భాస్కర్, రేణుక ఆ సందులో నుంచే అన్ని బంతులూ పంపించారు.

"పాత తీరే నయం," అంది సుమన. "కానీ ఒక లెక్క పెట్టుకుందాం. ఎదురుంగ బంతి కొట్టేటోడు నీకు సూటిగ ఉన్నడనుకో, నువ్వు నీ పక్క గీత కాయి. వాడు నాకు ఐమూలకు ఉంటడు కాబట్టి నడిమి బంతి నాది. వాడు నాకు సూటిగుంటే నేను నా గీత కాస్త, నడిమిది నీది. అంతే."

ఆమె 'నువ్వు' అన్నది. హరీష్ ముందు అది విన్నాడు. మిగతా లెక్క తర్వాత మళ్లీ చెప్పించుకున్నాడు.

"మంచిగుంది. అట్లనే ఆడుదాం," అన్నాడు.

నోరు ఒప్పుకుంది గానీ చెయ్యి ఒప్పుకోలేదు. ఇన్నేళ్లూ నడిమి బంతి తనదే అనుకున్న చెయ్యి. భాస్కర్ అతనికి సూటిగా నిలబడి నడిమికి కొట్టినా హరీష్ అడ్డం దూకి కొట్టేసేవాడు. పాయింటు వచ్చేది. సుమన ప్యాడిల్ దించేది.

"అది నాది."

"పాయింట్ అయితే వచ్చింది గదా."

"వచ్చింది. కానీ నాది. నేనిక్కడ నెట్టు గుంజ లెక్క నిలబడాల్నా?"

"సారీ సారీ. మళ్ల తియ్య."

మళ్లీ తీసేవాడు.

ఇంకో చిక్కు సర్వీసు దగ్గర. పాయింటు వచ్చినప్పుడల్లా సర్వీసు చేసేవాళ్లు పక్కలు మారాలి. మారితే కుడి ఎడమలు తారుమారవుతాయి. అట్లా కాకుండా ఇద్దరూ ఒక్క పక్కనే నిలబడి, సర్వీసు అయిన మరుక్షణం ఎవరి చోటికి వాళ్లు జరగాలి. దాన్ని స్టాకింగ్ అంటారని భాస్కర్ చెప్పాడు. క్లబ్బు అరుగు మీద క్యారమ్స్ ఆడే రిటైరైన కార్మికులకి ఆ పేరు పట్టలేదు.

"గదేందిరా, అంత జాగ ఉండంగ ఇద్దరు ఒక్క మూలకే నిలబడ్డరు?" అన్నాడు హీరాలాల్ అనే పెద్దాయన.

"ఆటల రూలే గట్ల ఉంది బాపు," అన్నాడు హరీష్.

"రూల్ మంచిగనే ఉంది," అన్నాడు ఆయన, క్యారమ్స్ మీద నుంచి కన్ను తియ్యకుండా.

సుమన నవ్వు ఆపుకోవడానికి షూ లేసు మళ్లీ కట్టుకుంది. అది ఊడలేదు.

*

నవంబరులో ఒక సాయంత్రం రాకూడని వాన వచ్చింది. క్లబ్బు రేకుల మీద ఎవరో కంకర పోస్తున్నట్టు చప్పుడు. కోర్టు మధ్యలో, సరిగ్గా నెట్టు దగ్గర కారడం మొదలైంది. భాస్కర్ బకెట్ పెట్టి, ఛత్రీ తెస్తానని పోయి తిరిగి రాలేదు. వరండాలో సుమన, హరీష్ మిగిలారు. బయట రోడ్డు మీద బొగ్గు లారీల మసి కరిగి నల్లటి పాయలుగా పారుతోంది. దవాఖాన నుంచి తడుస్తూ వచ్చిన సుమన జడ విప్పి కొంగుతో తుడుచుకుంటోంది.

"నేను నర్సింగ్‌కి పోతనంటే తండాల అందరు వద్దన్నరు," అంది ఆమె వాన చూస్తూ. "ఆడపిల్లను అంత దూరం పంపుతవా అని మా బాపును పంచాయితీల నిలబెట్టినట్టు నిలబెట్టిన్రు. ఆయన పంపిండు. నన్ను ఒక్కటే అడిగిండు. నీ సంగతి ఏదైనా నీ నోట్లెకెల్లే నాకు తెల్వాలె బిడ్డా, నాకు తెల్వని నీ ముచ్చట మంది చెప్పంగ నేను ఇనొద్దు అన్నడు. గంతే. ఇప్పటిదాంక ఆ మాట తప్పలే."

"మంచి మనిషి," అన్నాడు హరీష్.

"మీ ఇంట్ల?"

"మా నాయిన బాయిల చేసి రిటైర్ అయిండు. ఇప్పుడు నా పెండ్లి తప్ప ఆయనకు ఇంకో డ్యూటీ లేదు."

ఆమె నవ్వింది. ఆ సాయంత్రం నుంచి హరీష్‌కి బాగా గుర్తుండిపోయినవి ఆమె తడి జుట్టు, ఆ నవ్వు, రేకుల మీది చప్పుడు. ఆమె తండ్రి గురించి చెప్పిన మాట కూడా విన్నాడు. కాని దాన్ని గుర్తు పెట్టుకోవాల్సిన మాటగా వినలేదు.

పది రోజులకి రేణుక ఒక కబురు చెప్పింది. సుమనకి పర్మనెంట్ పోస్టు వచ్చింది. మహబూబాబాద్ దవాఖానలో. పోటీలు అయిపోగానే పోయి చేరాలి.

అందరూ అభినందించారు. హరీష్ కూడా అభినందించాడు. తర్వాత ఇంటికి పోయి అన్నం కలిపి, తినకుండా కూర్చున్నాడు.

"ఏందిరా, గట్లున్నవ్?" అంది వీరమ్మ.

అతను చెప్పేశాడు. సుమన గురించి, మహబూబాబాద్ గురించి, తన పరేషాన్ గురించి, అంతా. చెప్పాల్సిన మనిషికి కాకుండా, అందరికంటే ముందు తల్లికి చెప్పాడు.

వీరమ్మ అన్నం పళ్లెం అతని ముందుకి జరిపింది. "బీపీ చూసిన పిల్లనా? పిల్ల బంగారమే. కానీ వాళ్లు లంబాడోళ్లు గదరా. మన చుట్టాలు ఏమంటరో."

లోపలి నుంచి తండ్రి సారయ్య వచ్చాడు. "బాయిల దిగినంక అందరి మొఖాలు ఒక్క తీరుగనే నల్లగుంటుండె. హీరాలాల్, నేను ఒక్క టిఫిన్ల తిన్నం. అప్పుడు రాని చుట్టాలు ఇప్పుడెందుకొస్తరు? పిల్లకు ఇష్టమేనా?"

"ఇష్టమే నాయినా," అన్నాడు హరీష్. వంకర కట్టును విప్పకుండా ఉంచుకోవడం, ఊడని లేసు కట్టుకోవడం అతని సాక్ష్యాలు.

"అయితే ఇగ ఆలస్యమెందుకు? వాళ్ల ఊరికి పోయి అడిగొస్తం."

హరీష్ తండా పేరు చెప్పాడు. వద్దని అనలేదు. నేను ముందు ఆమెను అడుగుతా అని కూడా అనలేదు. ఆమెకి ఒక్కసారిగా సంతోషం కలిగిద్దామనుకున్నాడు. మంచి షాట్ కొట్టబోతున్నానని అనుకున్నాడు.

*

రెండు రోజుల తర్వాత సుమన క్లబ్బుకి వచ్చింది. చేతిలో ప్యాడిల్ లేదు.

"మీ అమ్మ నాయిన మా తండాకు పోయిన్రట."

హరీష్ సిగ్గుపడుతూ నవ్వాడు. "పోయిన్రు. నీకు చెప్దామనే..."

"ఎప్పుడు చెప్దామనుకున్నవ్?"

ఆమె గొంతు విని అతని నవ్వు ఆగిపోయింది.

"మా బాపు పత్తి చేన్ల ఉన్నడు. ఎవరో ఆటోల దిగి, యాపిల్ పండ్ల సంచి చేతుల పెట్టి, మీ బిడ్డ మా పిలగాడు ఒకరినొకరు ఇష్టపడుతున్నరు అన్నరట. చుట్టు పత్తి ఏరేటోళ్లు ఇంటున్నరు. మా బాపు చాయ పోయించి పంపిండు. తర్వాత నాకు ఫోన్ చేసి, నిజమేనా బిడ్డా అన్నడు. నాకే తెల్వదు బాపు అన్న. ఆయన నమ్మలే. నువ్వైతే నమ్ముతవా?"

"సుమన, నేను..."

"నన్ను ఎవరన్న అడిగిన్రా? నువ్వు అడిగినవా? మీ అమ్మకు తెలుసు, మీ నాయినకు తెలుసు, మా తండాల కూలోళ్లకు తెలుసు. నాకు తప్ప అందరికి తెలుసు."

"నువ్వు పోతున్నవని భయపడ్డ. తొందరపడ్డ."

"భయపడితే నన్ను అడగాలె. అది నేను మా బాపుకు చెప్పుకునే మాట. ఏడాదికి చెప్పుకునేదాన్నో, ఎల్లుండే చెప్పుకునేదాన్నో. చెప్తనో చెప్పనో కూడ నాదే. నువ్వు అడ్డం దూకి తీసుకపోయినవ్."

అరుగు మీద క్యారమ్స్ చప్పుడు ఆగిపోయింది. ఆమె అటు చూసి గొంతు తగ్గించింది.

"పోటీకి పేరు ఇచ్చిన కాబట్టి వస్త. భాస్కరన్నకు మాట ఇచ్చిన. ఆడేటప్పుడు నాది, నీది అనే మాటలు తప్ప వేరే ముచ్చట వద్దు."

ఆమె పోయింది. హరీష్ క్షమాపణగా చాలా మెసేజ్‌లు టైపు చేశాడు. ప్రతిదాంట్లోనూ చివరికి తన గురించే ఉంది. అన్నీ చెరిపేసి, 'తప్పు నాది. మీ బాపుకు ఏం చెప్పాల్నో, ఎప్పుడు చెప్పాల్నో నీ ఇష్టం. నేను మధ్యల రాను' అని ఒక్కటి పంపాడు. ఆమె చూసింది. జవాబు ఇవ్వలేదు.

తల్లిదండ్రులకి కూడా సంగతి చెప్పాడు. సారయ్య చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. "పిల్లకు ఇష్టమేనా అని నిన్ను అడిగిన గదరా," అన్నాడు. అంతకంటే ఎక్కువ తిట్టలేదు. అదే హరీష్‌కి ఎక్కువ తగిలింది.

*

జనగామలో ఒక షెడ్డు లోపల కోర్టులు వేశారు. సుమన ముందు రోజే తండాకి పోయి, అక్కడి నుంచి వచ్చింది. హరీష్, భాస్కర్ పొద్దున్నే భూపాలపల్లిలో బస్సు ఎక్కి వచ్చారు.

"మంచిగున్నవా?" అన్నాడు హరీష్.

"ఆడుదాం," అంది సుమన.

మొదటి రెండు ఆటలు తేలిగ్గా గెలిచారు. ఎదుటివాళ్లకి ఎవరి ఎడమ ఏదో అర్థమయ్యేలోపే ఆట అయిపోయింది. కొందరు హరీష్ పాత సూత్రం ప్రకారం సుమన ఎడమ పక్కకే కొట్టారు. వాళ్ల మొఖాల్లో హరీష్ తన మొఖం చూసుకున్నాడు.

సెమీఫైనల్ జనగామ జంటతో. ప్రేమ్‌చంద్ వ్యాయామ ఉపాధ్యాయుడు, రాణి అతని భార్య. మూడు పాయింట్లు కాగానే రాణి మొగుడి చెవిలో ఏదో చెప్పింది. తర్వాత బంతులు నడిమికి రావడం మానేశాయి. అన్నీ బయటి గీతల మీదికే. నడుమ ఇద్దరి ఫోర్‌హ్యాండ్లు కాపలా కాస్తుంటే, ఇద్దరి బ్యాక్‌హ్యాండ్లూ అంచుల మీద ఉన్నాయని ఆమె కనిపెట్టింది. హరీష్ ఎడమ గీత వైపు, సుమన కుడి గీత వైపు జరుగుతూ పోయారు. అట్లా ఇద్దరినీ దూరం చేశాక, అప్పుడు నడిమికి కొట్టింది.

"తెలివైందిరా బాబూ," అన్నాడు పక్కన నిలబడ్డ భాస్కర్.

అయినా సుమన తగ్గలేదు. ఎడమ చేత్తో బంతిని మెత్తగా నెట్టు అంచు దాటించి, వాళ్లను ముందుకి లాగింది. వాళ్లు ముందుకొస్తే హరీష్ బంతిని వాళ్ల తలల మీదుగా వెనక్కి లేపాడు. "నాది," అనేవాడు. "నీది," అనేది. ఆ రెండు మాటలే. కానీ ఆ రెండూ ఎక్కడా తప్పిపోలేదు. ఆ రోజు హరీష్ ఒక్కసారి కూడా ఆమె బంతి మీదికి పోలేదు. చెయ్యి ఎగిరేది, అతను ఆపుకునేవాడు. రెండుసార్లు ఆమె అతని వైపు తిరిగి చూసింది కూడా.

చివరికి వాళ్లు పది, వీళ్లు తొమ్మిది. సర్వీసు వాళ్లది. బంతి చాలాసేపు అటూ ఇటూ తిరిగింది. ప్రేమ్‌చంద్ హరీష్‌కి సూటిగా ఎదురుగా నిలబడి, బంతిని నడిమికి తోశాడు. గట్టి షాటేమీ కాదు. చంటిపిల్లలైనా తీయగలిగేది.

లెక్క ప్రకారం అది సుమనది. హరీష్ చెయ్యి ఆపుకుని తన గీత కాశాడు. సుమన కూడా కదల్లేదు. ఇట్లాంటి బంతిని అతను ఎప్పుడూ వదలడు కదా అని ఆమె కాళ్లు తమంతట తామే నిలబడ్డాయి. బంతి ఇద్దరి మధ్య ఒకసారి ఎగిరి, రెండోసారి ఎగిరి, దొర్లుకుంటూ వెనక గోడ దాకా పోయింది.

ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. అవతల రాణి, ప్రేమ్‌చంద్ ఎగిరి గంతులేస్తున్నారు.

"అది నాదే గదా?" అంది సుమన.

"నీదే."

"మరి నువ్వెందుకు తియ్యలే?"

"నీది గాబట్టి."

ఆమె పెదవి బిగబట్టింది. ఆగలేదు. నవ్వు వచ్చేసింది. ఎంత నవ్విందంటే ప్యాడిల్ నెట్టుకి ఆనించి వంగిపోయింది. ఓడిపోయినవాళ్లు అట్లా నవ్వడం చూసి అంపైరు కూడా అయోమయపడ్డాడు. హరీష్ మాత్రం నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాడు.

"ఇన్ని రోజులల్ల ఒక్క నాడు బుద్ధిగున్నవ్. ఆ ఒక్క నాడే ఓడిపోయినం," అంది కళ్లు తుడుచుకుంటూ.

"మళ్ల ఆడితే గెలుస్తం," అన్నాడు. వెంటనే నాలుక కరుచుకున్నాడు. "ఆడితే అంటున్న. నీ ఇష్టం."

సుమన అతన్ని ఒక క్షణం తేరిపార చూసింది.

"బయట మా బాపు ఉన్నడు. నిన్ను చూస్తనన్నడు."

"మీ బాపా? ఆట చూసిండా?"

"చూసిండు. నిన్న రాత్రి ఇంట్ల అన్నం తినుకుంట ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పిన. ఆ పిలగాడు నన్ను ఇప్పటిదాంక అడగలేదు బాపు అన్న. అబద్ధం చెప్పలేదని ఇప్పుడు నమ్మిండు."

"ఇంకేం చెప్పినవ్?"

"అది ఆయనకు చెప్పిన. నీకు గాదు."

*

సుమన తండ్రి లక్ష్మా షెడ్డు బయట టీ కొట్టు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, భుజం మీద తువ్వాల. హరీష్ నమస్తే పెడితే తల ఊపి, బెంచీ మీద కూర్చోమన్నట్టు చేత్తో చూపించాడు. హరీష్ కూర్చోలేదు.

"ఆఖరుకు ఆ బంతిని ఇద్దరు ఇడిసిపెట్టిన్రెందుకు?" అన్నాడు లక్ష్మా.

"నాది కాదని నేను. నేను తీస్తనని ఆమె."

"ఊఁ."

టీ కొట్టువాడు గ్లాసులు కడుగుతున్నాడు. హరీష్ గొంతు సవరించుకున్నాడు.

"బాపూ, మా అమ్మ నాయిన వచ్చినందుకు వాళ్ల తప్పేం లేదు. పంపింది నేను. సుమనకు ఏం తెల్వదు. నలుగురిల మిమ్మల్ని గట్ల నిలబెట్టిన. తప్పయింది."

లక్ష్మా తువ్వాల భుజం మార్చుకున్నాడు.

"మీ నాయిన మంచోడే. చేనుల నిలబడి మాట్లాడంగ ఆయన చేతులు గూడ ఊకోలే. రెండు కాయలు పలిగినయ్ కనబడితే పత్తి తీసి నా ఒడిల ఏసిండు," అన్నాడు. "నా బాధ ఆయనతోని గాదు. నా బిడ్డ నాకు చెప్పకుండ ఉంటదని మనసు ఒక్క పూట నమ్మింది. ఆ ఒక్క పూట నాకు మంచిగనిపియ్యలే."

"తప్పు నాది," అన్నాడు హరీష్ మళ్లీ. అంతకంటే మంచి మాట దొరకలేదు.

"నన్నేం అడగకు. నేను చెప్పేదేం లేదు." లక్ష్మా లేచాడు. "కొడకండ్ల బస్సు ఎప్పుడున్నదో అడిగొస్త."

బస్సు సంగతి ఆయనకి బాగానే తెలుసు. అయినా రోడ్డు అవతలికి నడిచిపోయాడు.

సుమన టీ కొట్టు గుంజకి ఆనుకుని నిలబడింది. హరీష్ రెండు టీలు చెప్పాడు. వచ్చాయి. ఎవరూ ముట్టలేదు.

"సుమన."

"చెప్పు."

"నువ్వంటే నాకు ఇష్టం. నన్ను పెండ్లి చేసుకుంటవా? నువ్వు మహబూబాబాద్‌ల చేరు. అది ఇడిసిపెట్టమని నేను అననంటే అనను. నేనే ట్రాన్స్‌ఫర్ కోసం చూస్కుంట, దొరికేదాంక తిరుగుత. నువ్వు వద్దన్నా సరే, ఆలోచించి చెప్తనన్నా సరే. గింతే. అడిగిన."

రోడ్డు మీద ఒక పత్తి ట్రాక్టరు పోయింది. దాని వెనక తెల్లటి పింజలు ఎగిరి కొన్ని టీ కొట్టు పందిరికి అంటుకున్నాయి.

"మంచిగ అడిగినవ్," అంది చివరికి. "ఆగు."

రోడ్డు దాటి తండ్రి దగ్గరికి పోయింది. ఇద్దరూ లంబాడీలో మాట్లాడుకుంటున్నారు. హరీష్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. లక్ష్మా తల వంచుకుని వింటున్నాడు. మధ్యలో ఒక ప్రశ్న అడిగాడు. ఆమె ఒక్క మాటలో జవాబు చెప్పింది. ఆయన కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టి, కాసేపు తియ్యలేదు. హరీష్ అటు చూడలేక టీ గ్లాసు మీది మీగడ చూస్తూ నిలబడ్డాడు.

ఇద్దరూ తిరిగొచ్చారు. లక్ష్మా వచ్చీ రాగానే చల్లారిన టీ ఒకటి తీసుకుని గటగటా తాగి, గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"ఏమన్నది బాపూ?" అన్నాడు హరీష్.

"ఆమెనే అడుగు."

హరీష్ సుమన వైపు తిరిగాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అటూ ఇటూ చూసి, సరే అన్నట్టు తల ఊపింది. అది చాలదనుకుందో ఏమో, "ఊఁ," అని పైకి కూడా అంది.

లక్ష్మా వాళ్లిద్దరి మీదుగా బస్సు వచ్చే దిక్కు చూశాడు.

"మీ అమ్మ నాయినను మళ్ల తోల్కరా బిడ్డా," అన్నాడు. "ఈపాలి ముందుగాల ఫోన్ చెయ్యి. యాటపోతును కొయ్యాలె గదా. పోయినపాలి ఉత్త చాయ పోసి తోలిన, ఈమె అమ్మ రుక్కి నన్ను ఇంకా తిడుతనే ఉన్నది."